బ్రిడ్జ్‌లో మీ బిడ్డింగ్ ఒప్పందాలను ఎదుటి జోడీకి ఎలా చెప్పాలి

పెళ్లిళ్లలో, దావత్‌లలో నలుగురు కూర్చుని తురుపు ఆట ఆడుతుంటే జోడీదారుకు కన్ను కొట్టడం, చెవి గోక్కోవడం, ఊరికే దగ్గడం మన దగ్గర ఆటలో భాగమే. పట్టుబడితే అందరూ నవ్వుకుంటారు, మళ్లీ పంచుతారు. ఆ ఆటల నుంచి బ్రిడ్జ్‌కు వచ్చినవాళ్లు ముందు ఒక విషయం మనసుకు పట్టించుకోవాలి. మీ పార్ట్‌నర్ వేసిన బిడ్ (పత్తాలు ఆడే ముందు, ఏ సూట్ తురుపుగా ఎన్ని పట్లు గెలుస్తామో చెప్పే పిలుపు; దానికి జోడీ వేరే అర్థమూ పెట్టుకోవచ్చు) గురించి మీ ఇద్దరి ఒప్పందం వల్ల మీకు ఏం తెలుసో, అడిగితే అదంతా ఎదుటి ఇద్దరికీ చెప్పాలి. మీ చేతిలోని పత్తాలు మీవే, వాటిని ఎవరూ అడగరు. ఒప్పందం మాత్రం టేబుల్ చుట్టూ ఉన్న నలుగురిది.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, గోదావరిఖని లాంటి చోట్ల ఇళ్లలో, ఆఫీసర్స్ క్లబ్బుల్లో ఏళ్లుగా ఆడుతూ, ఇప్పుడు హైదరాబాద్‌లోనో ఇంకా దూరంగానో డూప్లికేట్ పోటీలకు (అవే పత్తాలను వేరువేరు టేబుళ్ల దగ్గర ఆడించి స్కోర్లు పోల్చే పోటీలకు) వెళ్దామనుకునే జోడీల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడూ అదే నలుగురు ఆడే చోట ఈ ప్రశ్నే రాదు. రిటైర్డ్ లెక్చరర్ గారి టూ హార్ట్స్ అంటే ఏంటో టేబుల్ మీద అందరికీ కంఠతా వచ్చు. కొత్త టేబుల్ దగ్గర కూర్చున్న రోజే, మీకు మామూలుగా అనిపించే విషయం ఎదుటివాళ్లకు అసలు తెలియదని బయటపడుతుంది. మీరు దాచలేదు, వాళ్లకు తెలియనూ లేదు. నష్టం మాత్రం దాచినప్పుడు జరిగేదే.

నేను చెప్పేవన్నీ వరల్డ్ బ్రిడ్జ్ ఫెడరేషన్ 2017లో సవరించిన డూప్లికేట్ బ్రిడ్జ్ నియమావళిని బట్టి చెబుతున్నవి. ఒప్పందాల సంగతి అందులో 40వ నియమం. ఏది అలర్ట్ చేయాలి (మామూలు అర్థం కాని బిడ్ అని ఎదుటివాళ్లను హెచ్చరించాలి), ఏది అక్కర్లేదు అనే వివరం మాత్రం పోటీని బట్టి మారుతుంది. అందుకే వెళ్లే ముందు ఆ పోటీ నిబంధనల కాగితం అడిగి చదవండి.

ముందు పార్ట్‌నర్‌తో కూర్చోండి

టేబుల్ దగ్గర నిజం చెప్పాలంటే, చెప్పడానికి మీ ఇద్దరి దగ్గర ఒకే నిజం ఉండాలి. చాలా జోడీల దగ్గర అది ఉండదు. "మనం ట్రాన్స్‌ఫర్లు ఆడుతున్నాం కదా" అని ఒకరంటారు, "అవును" అని ఇంకొకరంటారు. ఎదుటివాళ్లు మధ్యలో డబుల్ చేస్తే (మన బిడ్ మీద స్కోరు పెంచే పిలుపు ఇస్తే) ట్రాన్స్‌ఫర్లు (ఒక సూట్ పిలిచి దాని పై సూట్ ఉందని చెప్పే బిడ్‌లు) ఉంటాయా పోతాయా అని ఇద్దరిలో ఎవరూ అడగరు.

ఒక సాయంత్రం కేటాయించండి. చెరో కాగితం తీసుకుని, ఒకరిది ఒకరు చూడకుండా ఈ కింది బిడ్‌లకు అర్థం రాయండి. వన్ హార్ట్ మీద త్రీ హార్ట్స్: గేమ్‌కు (బోనస్ స్కోరు వచ్చే స్థాయికి) పిలుపా, బలం లేక అడ్డం వేయడమా? టూ నో ట్రంప్ (తురుపు లేని బిడ్) మీద ఫోర్ నో ట్రంప్: ఆసులు అడగడమా, స్లామ్ (12 లేదా 13 పట్ల బిడ్) ఆలోచించమని చెప్పడమా? మన వన్ నో ట్రంప్‌ను ఎదుటివాళ్లు డబుల్ చేశాక టూ క్లబ్స్ అంటే ఏంటి? వాళ్ల వన్ నో ట్రంప్ మీద మన టూ డైమండ్స్ అంటే ఏంటి? వన్ క్లబ్, వన్ డైమండ్, ఆ తర్వాత వన్ నో ట్రంప్ అంటే చేతిలో నాలుగు హార్ట్స్ గానీ స్పేడ్స్ గానీ లేవనా, ఉన్నా దాటవేశామనా? రాసి, పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ రెండు జవాబులు వేరుగా ఉన్నాయో అక్కడ మీకు ఒప్పందం లేదు. అలాంటి చోట ఒకటి ఎంచుకోండి. కుదరకపోతే "ఒప్పందం లేదు" అనే రాసుకోండి. అదీ నిజమైన జవాబే.

తర్వాత సిస్టమ్ కార్డు (మీ ఒప్పందాలు రాసి ఎదుటివాళ్లకు చూపించే కాగితం) నింపండి. వన్ నో ట్రంప్‌కు ఎన్ని పాయింట్లు (ఆసు, రాజు, రాణి, జాక్‌లను బట్టి లెక్కగట్టే బలం), వన్ క్లబ్‌లో కనీసం ఎన్ని క్లబ్స్, వీక్ టూ (బలం తక్కువై ఒక సూట్ పొడవుగా ఉన్నప్పుడు రెండు స్థాయిలో వేసే మొదటి బిడ్) ఎన్ని పాయింట్ల నుంచి ఎన్ని వరకు, డబుల్స్ ఏవి పెనాల్టీ (వాళ్లను ఓడించడానికి), ఏవి టేకౌట్ (పార్ట్‌నర్‌ను సూట్ పిలవమనడానికి) అన్నవి అందరూ నింపుతారు. లీడ్‌లు (ముందుగా వేసే పత్తా), సిగ్నల్స్ (వేసే పత్తాతో పార్ట్‌నర్‌కు ఇచ్చే సూచన) దగ్గరికి వచ్చేసరికి ఖాళీ వదిలేస్తారు. అది వదలకండి. డిఫెన్స్‌లో (బిడ్డింగ్ గెలిచిన జోడీని అడ్డుకునేటప్పుడు) పెద్ద పత్తా వేస్తే ఆ సూట్ కావాలనా, చిన్నది వేస్తే కావాలనా అన్నది కూడా ఒప్పందమే. దాన్ని తెలుసుకునే హక్కు డిక్లేరర్‌కు (బిడ్డింగ్ గెలిచి ఆడే ఆటగాడికి) ఉంది. రెండు కార్డులూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఎందుకో తర్వాత డైరెక్టర్ (పోటీలో నియమాల మీద తీర్పు చెప్పే అధికారి) గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

అలవాట్లనూ కార్డులోకి ఎక్కించండి

ఇంట్లో ఆడి ఎదిగిన జోడీలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వాళ్ల కార్డు మీద "వీక్ టూ: ఆరు పత్తాలు, 6 నుంచి 10 పాయింట్లు" అని ఉంటుంది. ఆటలో మాత్రం నాన్ వల్నరబుల్‌లో (ఓడితే నష్టం తక్కువగా ఉండే పంపకంలో) ఉన్నప్పుడు ఐదు పత్తాలతోనూ, నాలుగు పాయింట్లతోనూ వేస్తుంటారు. పార్ట్‌నర్‌కు ఆ సంగతి తెలుసు కాబట్టి తగ్గి ఆడతారు. ఎదుటివాళ్లు కార్డు చూసి ఆరు పత్తాలని నమ్మి లెక్క వేసుకుంటారు. మీరు ఎన్నడూ నోటితో మాట్లాడుకుని ఉండకపోవచ్చు, అయినా నియమం దృష్టిలో అది ఒప్పందమే. కలిసి ఆడిన అనుభవం వల్ల పార్ట్‌నర్‌కు తెలిసిపోయినదంతా చెప్పవలసినదే.

మూడో సీట్‌లో (ముందు ఇద్దరూ పాస్ అన్నాక) తొమ్మిది పాయింట్లతో ఓపెన్ చేసే (మొదటి బిడ్ వేసే) అలవాటు ఉంటే రాయండి. నో ట్రంప్‌ను ఐదు పత్తాల మేజర్‌తో (హార్ట్స్ లేదా స్పేడ్స్‌తో) కూడా ఓపెన్ చేస్తుంటే రాయండి. పద్నాలుగు పాయింట్లు ఉండి, ఐదు పత్తాల సూట్ మంచిదైతే పదిహేనుగా లెక్కగట్టి వేస్తుంటే అదీ రాయండి.

సైక్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లేనిది ఉన్నట్టు బిడ్ వేయడం నియమాల్లో తప్పు కాదు. అయితే మీ పార్ట్‌నర్‌కు కూడా అది ఎదుటివాళ్లకు ఎంత ఊహించరానిదో అంతే ఊహించరానిదై ఉండాలి. ఏడాదికి ఒకసారి వేస్తే ఎవరికీ తెలియదు. ఒకే పరిస్థితిలో మళ్లీ మళ్లీ వేస్తే పార్ట్‌నర్ పసిగడతారు. అప్పుడది సైక్ కాదు, దాచిపెట్టిన ఒప్పందం. మీ పార్ట్‌నర్ మూడో సీట్‌లో ఇలాంటివి వేస్తారని మీకు ఇప్పటికే అనుమానం మొదలైందంటే, ఎదుటివాళ్లకు చెప్పాల్సిన సమయం వచ్చిందన్నమాట.

రౌండ్ మొదట్లో

ఇది అర నిమిషం పని. నమస్కారం చెప్పి, మీ కార్డు వాళ్ల ముందు పెట్టి, మామూలుగా ఉండనివి రెండు మూడు ముక్కల్లో చెప్పండి. "మాది ప్రెసిషన్ సిస్టమ్ సార్, వన్ క్లబ్ అంటే 16, ఆపైన పాయింట్లు, ఏ షేప్ (సూట్ల పంపకం) అయినా ఉంటుంది. వన్ డైమండ్‌లో రెండు డైమండ్లే ఉండొచ్చు." లేదా "మా వన్ నో ట్రంప్ 12 నుంచి 14." ఇంత ముందుగా చెబితే వాళ్లకు తమ డిఫెన్స్ ఏంటో మాట్లాడుకునే వీలుంటుంది. బిడ్డింగ్ మొదలయ్యాక ఆ వీలుండదు.

అలర్ట్ చేయడం

బిడ్ వేసినవాళ్లు కాదు, వాళ్ల పార్ట్‌నర్ అలర్ట్ చేయాలి. బిడ్డింగ్ బాక్స్‌లోని (బిడ్ కార్డులుండే పెట్టెలోని) అలర్ట్ కార్డు ఎదుటి ఇద్దరికీ కనిపించేలా పెట్టండి. తర్వాతి వ్యక్తి బిడ్ వేసేశాక పెడితే ఉపయోగం లేదు. కొన్ని పోటీల్లో డబుల్స్‌ను అలర్ట్ చేయరు, కొన్నిట్లో పై స్థాయి బిడ్‌లకు వేరే పద్ధతి ఉంటుంది. అందుకే నిబంధనల కాగితం చదవమన్నాను. అనుమానం ఉంటే అలర్ట్ చేయడమే నయం.

పాస్‌కు కూడా అర్థం ఉంటుందని మరిచిపోకండి. మీరు వన్ డైమండ్ ఓపెన్ చేశారు, పార్ట్‌నర్ వన్ హార్ట్, ఎదుటివాళ్లు వన్ స్పేడ్ అన్నారు. మీరు సపోర్ట్ డబుల్ ఆడే జోడీ అయితే, మూడు హార్ట్స్ ఉన్నప్పుడు డబుల్ చేస్తారు. అంటే మీరు పాస్ చేస్తే చేతిలో మూడు హార్ట్స్ లేవని చెప్పినట్టే. ఆ సంగతి మీ పార్ట్‌నర్‌కు తెలుసు. ఎదుటివాళ్లకు తెలియకపోతే వాళ్లు ఏమీ చెప్పని పాస్ అనుకుంటారు. ఆ పోటీలో దాన్ని అలర్ట్ చేయాలని ఉంటే చేయండి, లేకపోయినా అడిగినప్పుడు తప్పకుండా చెప్పండి.

అడిగినప్పుడు జవాబు ఎలా చెప్పాలి

అసలు పరీక్ష ఇక్కడే. "సార్, మీ టూ డైమండ్స్ అంటే ఏంది?" అని ఎదుటి ఆయన అడిగారు. మీ పార్ట్‌నర్ వేసిన బిడ్ కాబట్టి జవాబు మీరు చెప్పాలి. బిడ్ వేసిన పార్ట్‌నర్ నోరు విప్పకూడదు, తల ఊపకూడదు, కళ్లు పెద్దవి చేయకూడదు.

కన్వెన్షన్ (ప్రత్యేక అర్థం పెట్టుకున్న బిడ్) పేరు జవాబు కాదు. "మల్టీ" అని ఊరుకుంటే తెలిసినవాళ్లకు సగం తెలుస్తుంది, తెలియనివాళ్లకు ఏమీ తెలియదు. పైగా ఒకే పేరుతో ఒక్కో జోడీ ఒక్కోలా ఆడుతుంది. ఇలా చెప్పండి: "ఎక్కువగా బలం లేని చేయి. ఆరు హార్ట్స్ గానీ ఆరు స్పేడ్స్ గానీ, 5 నుంచి 10 పాయింట్లు. అది కాకపోతే 20 నుంచి 22 పాయింట్ల బ్యాలెన్స్‌డ్ హ్యాండ్ (సూట్లన్నీ దాదాపు సమంగా ఉన్న చేయి)." వన్ స్పేడ్ ఓపెనింగ్ మీద డ్రూరీ అనే కన్వెన్షన్ ఆడుతుంటే: "ముందు పాస్ చేశారు. ఇప్పుడు టూ క్లబ్స్ అంటే క్లబ్స్ ఉన్నాయని కాదు. స్పేడ్స్‌లో కనీసం మూడు పత్తాల సపోర్ట్, 10 నుంచి 12 పాయింట్లు." ఏ సూట్, ఎంత పొడవు, ఎంత బలం, పార్ట్‌నర్ పాస్ చేయొచ్చా లేదా అన్న నాలుగూ వచ్చాయో లేదో చూసుకుంటే చాలు.

"స్టాండర్డే సార్", "మామూలే" అన్నవి కూడా జవాబులు కావు. కాజీపేటలో మామూలైనది కోల్‌కతా నుంచి వచ్చిన జోడీకి మామూలు కాకపోవచ్చు.

వేసిన బిడ్ గురించే కాదు, వేయగలిగి వేయని బిడ్ నుంచి తెలిసేది కూడా ఒప్పందం వల్ల తెలిసేదైతే చెప్పాలి. ఇందాకటి వన్ క్లబ్, వన్ డైమండ్, వన్ నో ట్రంప్‌నే చూడండి. వాల్ష్ పద్ధతి ఆడే జోడీలో ఓపెనర్ బ్యాలెన్స్‌డ్ హ్యాండ్‌తో నాలుగు స్పేడ్స్ ఉన్నా దాటవేసి నో ట్రంప్ అంటారు. "12 నుంచి 14 బ్యాలెన్స్‌డ్" అని మాత్రం చెబితే మాటల్లో అబద్ధం లేదు. అయినా లీడ్ చేసే ఆయన "డిక్లేరర్‌కు స్పేడ్స్ లేవు" అనుకుని స్పేడ్ లీడ్ చేసి దెబ్బ తింటారు. "నాలుగు పత్తాల మేజర్ ఉండొచ్చు" అన్న నాలుగు ముక్కలు కూడా కలపాలి. నిజంలో సగం చెప్పి ఎదుటివాళ్లను తప్పు దారి పట్టించడాన్ని నేను తెలివిగా ఆడటం అనుకోను. నియమమూ అలా అనుకోదు.

మరి దేన్ని చెప్పనక్కర్లేదు? బ్రిడ్జ్ ఆడే ఎవరైనా సొంత అనుభవంతో ఊహించగలిగేది చెప్పనక్కర్లేదు. "వల్నరబుల్‌లో ఉండి నాలుగు స్థాయికి వచ్చారు కాబట్టి షేప్ బాగుండొచ్చు" అన్నది మీ ఆలోచన, ఒప్పందం కాదు. మీ చేతిలో ఏముందో చూసుకుని పార్ట్‌నర్ చేతిలో ఏముండాలో కట్టిన లెక్క కూడా మీ సొంతం.

ఒప్పందం లేకపోతే "దాని గురించి మేం మాట్లాడుకోలేదు" అని సూటిగా చెప్పండి. "నేను అయితే ఇలా అనుకుంటున్నాను" అని తోక తగిలించకండి. మీ ఊహ ఎదుటివాళ్లకు అక్కర్లేదు, అది తప్పయితే వాళ్లు మునుగుతారు. పైగా మీరు ఏమనుకుంటున్నారో పార్ట్‌నర్ వినేస్తారు. ఇద్దరికీ ఒకే అవగాహన లేనప్పుడు ఉన్నట్టు చెప్పడం కూడా నియమోల్లంఘనే. దగ్గరి పరిస్థితికి ఒప్పందం ఉంటే మాత్రం అదీ కలిపి చెప్పాలి: "స్పేడ్స్ మీద దీని గురించి మాట్లాడుకోలేదు సార్. హార్ట్స్ మీద మాత్రం ఇది సపోర్ట్ చూపించే బిడ్."

ఒప్పందం ఉంది, మీకు గుర్తు రావడం లేదు. అది వేరే సంగతి. "మాట్లాడుకున్నాం, గుర్తు రావడం లేదు" అని చెప్పి డైరెక్టర్‌ను పిలవండి. డైరెక్టర్ మిమ్మల్ని కాసేపు టేబుల్‌కు దూరంగా పంపి, బిడ్ వేసిన మీ పార్ట్‌నర్‌తోనే ఒప్పందం ఏంటో ఎదుటివాళ్లకు చెప్పించవచ్చు. గుర్తు లేక ఏదో ఒకటి చెప్పేయడం కంటే ఈ రెండు నిమిషాల ఆలస్యం ఎంతో మేలు.

మీరు అడిగేటప్పుడు

మీ వంతు వచ్చినప్పుడే అడగండి. జవాబు మీకు అవసరమైతేనే అడగండి. మీకు తెలిసినా పార్ట్‌నర్‌కు తెలియాలని అడగడం నియమాలకు విరుద్ధం. ఒక్క బిడ్ మీదే వేలు పెట్టి "క్లబ్స్ నిజంగా ఉన్నాయా?" అని గుచ్చి అడిగితే, మీ చేతిలో క్లబ్స్ ఉన్నాయని పార్ట్‌నర్‌కు చెప్పినట్టవుతుంది. "మీ బిడ్డింగ్ మొత్తం ఒకసారి చెప్పండి సార్" అని అడగడం అలవాటు చేసుకోండి. వీలైతే నోరు మెదపకుండా వాళ్ల కార్డు తీసి చదువుకోండి. లీడ్ మీది కాకపోతే పార్ట్‌నర్ పత్తా బోర్లా పెట్టేదాకా ఆగి, అది తిప్పేలోపు అడగండి. లీడ్‌ను బోర్లా పెట్టమనడంలో ఉద్దేశం కూడా అదే.

పార్ట్‌నర్ జవాబుకూ మీ చేతికీ పొంతన లేనప్పుడు

పెద్ద ఆటగాళ్లు కూడా తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. ఎదుటివాళ్లు వన్ నో ట్రంప్ ఓపెన్ చేశారు. మీ చేతిలో ఆరు డైమండ్లు, రెండు హార్ట్స్. మీరు టూ డైమండ్స్ వేశారు. పార్ట్‌నర్ అలర్ట్ చేసి, అడిగితే "స్పేడ్స్, హార్ట్స్ రెండూ ఉన్నాయి" అని చెప్పి టూ హార్ట్స్ వేశారు. మీ గుండె గుభేలుమంది. ఇప్పుడేం చేయాలి?

ముందు మనసులోనే ఒక ప్రశ్న వేసుకోండి: మన కార్డు మీద ఏముంది?

కార్డు మీద "టూ డైమండ్స్ అంటే రెండు మేజర్లు" అని ఉంటే, పార్ట్‌నర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. మరిచిపోయింది మీరు. ఎదుటివాళ్లకు రావాల్సింది ఒప్పందం, అది వచ్చేసింది. మీ చేతిలో ఏముందో చెప్పే బాధ్యత లేదు. అయితే ఇంకో బాధ్యత మీ మెడకు చుట్టుకుంది. పార్ట్‌నర్ నోటి నుంచి వచ్చిన ఆ వివరణ మీకు చెందని సమాచారం, దాన్ని వాడుకోకూడదు. బిడ్ వేసేటప్పుడు మీరు డైమండ్స్ అనుకునే వేశారు. పార్ట్‌నర్ కూడా డైమండ్స్ అనుకునే విన్నారని, అయినా సొంతంగా మంచి హార్ట్స్ చూపిస్తున్నారని అనుకుని ఆడాలి. చేతిలో రెండు హార్ట్స్ ఉన్నాయి కాబట్టి పాస్ చేయాలి. "అయ్యో, తప్పు అర్థం చేసుకున్నారు" అని త్రీ డైమండ్స్‌కు పరుగెత్తకూడదు. టూ హార్ట్స్ ఘోరంగా డౌన్ అయినా (పిలిచినన్ని పట్లు రాకపోయినా) అంతే. నైతికంగా బ్రిడ్జ్‌లో ఇంతకంటే కష్టమైన పాస్ ఉండదని నా అభిప్రాయం. అలాంటి పాస్ చేసిన జోడీ పట్ల నాకు స్లామ్ కొట్టిన జోడీ కంటే ఎక్కువ గౌరవం.

కార్డు మీద "టూ డైమండ్స్ అంటే డైమండ్సే" అని ఉంటే, పార్ట్‌నర్ తప్పు చెప్పారు, ఎదుటివాళ్లకు తప్పుడు సమాచారం వెళ్లింది. అయినా బిడ్డింగ్ సాగుతున్నంతసేపు మీరు సరిదిద్దకూడదు, మొహంలో కూడా చూపించకూడదు. అలా చేస్తే పార్ట్‌నర్ మేల్కొంటారు. ఇక్కడ కూడా పార్ట్‌నర్ సరిగ్గానే అర్థం చేసుకున్నట్టు భావించి ఆడాలి. బిడ్డింగ్ అయిపోయాక, ఆడేది మీ జోడీ అయితే, అంటే మీరు డిక్లేరర్ గానీ డమ్మీ (పత్తాలు టేబుల్ మీద పరిచేసే డిక్లేరర్ పార్ట్‌నర్) గానీ అయితే, లీడ్ పడకముందే డైరెక్టర్‌ను పిలిచి సరైన ఒప్పందం చెప్పాలి. "ఒక్క నిమిషం సార్, లీడ్ చేయకండి. డైరెక్టర్ గారిని పిలవాలి. పార్ట్‌నర్ చెప్పింది మా ఒప్పందం కాదు. మా ఒప్పందం ప్రకారం టూ డైమండ్స్ అంటే డైమండ్సే." మీరు డిఫెన్స్‌లో ఉంటే మాత్రం ఆట మొత్తం అయ్యేదాకా ఆగాలి, ఆ వెంటనే పిలిచి చెప్పాలి. ముందే చెబితే డిఫెన్స్‌లో ఉన్న పార్ట్‌నర్‌కు మీ చేయి చూపించినట్టవుతుంది.

తప్పు చెప్పిన పార్ట్‌నర్‌కే మధ్యలో గుర్తొస్తే ఆయన పరిస్థితి వేరు. లీడ్ పత్తా తిప్పకముందే డైరెక్టర్‌ను పిలిచి తన జవాబును సరిదిద్దుకోవాలి. ఇంకా ముందే పిలవొచ్చు కూడా. నేనైతే గుర్తొచ్చిన క్షణమే పిలవమంటాను. ఎందుకంటే తప్పుడు సమాచారం నమ్మి బిడ్ వేసిన ఆటగాడు, ఆ తర్వాత తన పార్ట్‌నర్ ఇంకా బిడ్ వేయకపోతే, డైరెక్టర్ అనుమతితో దాన్ని మార్చుకోవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ దారి మూసుకుపోతుంది.

డైరెక్టర్‌ను పిలవడం

మన దగ్గర ఇది పెద్ద చిక్కు. ఎదురుగా కూర్చున్నది మీ పాత ప్రొఫెసర్ కావచ్చు, సింగరేణిలో మీ పై అధికారి కావచ్చు, తండ్రి వయసు డాక్టర్ గారు కావచ్చు. డైరెక్టర్‌ను పిలిస్తే "నామీద కంప్లైంట్ చేస్తవా?" అని నొచ్చుకుంటారేమోనని టెన్షన్. చిన్నవాళ్లు నోరు మూసుకుంటారు, ఆట అయ్యాక బయట చాయ్ దగ్గర గొణుక్కుంటారు. ఆ గొణుగుడు ఒక మంచి మనిషికి లేనిపోని చెడ్డపేరు తెస్తుంది. టేబుల్ మీదే డైరెక్టర్ ముందు తేలిపోతే ఎవరి పరువూ పోదు.

తప్పుడు సమాచారం వల్ల నష్టం జరిగితే డైరెక్టర్ స్కోరు సరిచేస్తారు. అందుకు ఎవరూ కావాలని చేశారని తేలనక్కర్లేదు. అది శిక్ష కాదు, సరైన జవాబు వచ్చి ఉంటే ఫలితం ఎలా ఉండేదో ఆ వైపుకు స్కోరును జరపడం. ఇలా పిలవండి: "సార్, తప్పుగా అనుకోకండి, ఒకసారి డైరెక్టర్ గారిని పిలుద్దాం. బిడ్ గురించి మాకు తెలిసింది వేరు, హ్యాండ్ వేరుగా వచ్చింది." పెద్దవాళ్లకు నా మనవి ఒకటుంది. అవతలి కుర్రవాడు పిలవడానికి జంకుతున్నాడని కనిపిస్తే, మీరే చేయెత్తి పిలవండి. ఆ ఒక్క పనితో క్లబ్బు వాతావరణమే మారుతుంది.

డైరెక్టర్ వచ్చాక మొదట మీ కార్డులు అడుగుతారు. బిడ్ తప్పా, వివరణ తప్పా అని తేల్చే ఆధారం లేకపోతే, వివరణే తప్పని భావించమని నియమం చెబుతుంది. మీరు మరిచిపోయి వేసిన బిడ్ అని ఎంత మొత్తుకున్నా, రెండు కార్డుల్లో రాసి లేకపోతే నిరూపించలేరు. ఆ రోజు ఒక సాయంత్రం కేటాయించి రాసుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది. తీర్పు మీకు అన్యాయమనిపిస్తే అప్పీల్ హక్కు ఉంది. పోటీ వాళ్లు వేరే గడువు పెట్టకపోతే, అధికారిక స్కోరు బయటపెట్టిన 30 నిమిషాల్లోపు అడగాలి. టేబుల్ దగ్గర వాదించకండి.

ఇంత పట్టుదల ఎందుకని ఇంట్లోవాళ్లు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక జవాబుంది. పత్తాలు అనగానే మన ఊళ్లలో జూదమే గుర్తొస్తుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జ్‌లో పత్తాలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని కూడా అంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌కు చోటిస్తే, ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల పెయిర్స్‌లో మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. అది క్రీడగా నిలబడాలంటే, గెలిచినవాళ్లు ఎలా గెలిచారో ఓడినవాళ్లకు తెలిసి ఉండాలి.

ఏ భాషలో చెప్పాలి

నలుగురికీ వచ్చిన భాషలో. కాజీపేట నుంచి రైలెక్కితే ఒకవైపు బల్లార్షా, నాగ్‌పూర్, ఇంకోవైపు విజయవాడ, మరోవైపు హైదరాబాద్. పోటీల్లో అన్ని భాషలవాళ్లూ తగులుతారు. ఎదుటివాళ్లకు తెలుగు రాకపోతే వివరణ హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ఇవ్వండి. బోర్డు (ఒక పంపకం ఆట) సాగుతున్నప్పుడు పార్ట్‌నర్‌తో తెలుగులో ఒక్క మాట కూడా వద్దు. మీరు చాయ్ గురించే అనుకోవచ్చు, వాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? బోర్డుల మధ్యలో మాట్లాడాల్సి వస్తే ఏమన్నారో వాళ్లకూ చెప్పేయండి.

కొత్తగా నేర్చుకుంటున్న జోడీ ఎదురైతే ఇంకాస్త ఓపిక పట్టండి. వాళ్లకు ఏం అడగాలో కూడా తెలియదు. "ఇది మామూలు బిడ్ కాదు, కావాలంటే అడగండి" అని మీరే దారి చూపండి. వాళ్లు అడగలేదు కదా అని అందులో లాభం వెతుక్కోకండి.

స్క్రీన్ వెనక, ఆన్‌లైన్‌లో

పెద్ద పోటీల్లో పార్ట్‌నర్లు ఒకరినొకరు చూడకుండా టేబుల్‌కు అడ్డంగా స్క్రీన్ ఉంటుంది. 1975 బెర్ముడా బౌల్‌లో (ప్రపంచ టీమ్ పోటీలో) మొదటిసారి వీటిని వాడారు. అక్కడ మీ బిడ్‌నూ మీ పార్ట్‌నర్ బిడ్‌నూ కూడా మీ వైపు కూర్చున్న ప్రత్యర్థికి మీరే అలర్ట్ చేస్తారు, వివరణ కాగితం మీద రాసి చూపిస్తారు. ఆన్‌లైన్‌లో కూడా దాదాపు ఇదే పద్ధతి. మీ బిడ్‌కు మీరే అలర్ట్ నొక్కి, పక్కన అర్థం టైప్ చేస్తారు. అది ఎదుటివాళ్లకే కనిపిస్తుంది, పార్ట్‌నర్‌కు కనిపించదు. అందువల్ల ఇక్కడ ధారాళంగా చెప్పొచ్చు. రాసేది మాత్రం ఒప్పందమే కావాలి, మీ చేతిలో ఉన్నది కాదు. టైప్ చేయడానికి బద్ధకించి "ఆర్ట్" (ఆర్టిఫిషియల్) అనో "కన్వెన్షనల్" అనో కొట్టి వదిలేసేవాళ్లు ఎక్కువ. "5+ హార్ట్స్, 8 నుంచి 11" అని కొట్టడానికి ఐదు సెకన్లు చాలు. పార్ట్‌నర్‌తో ఫోన్ కాల్, వాట్సాప్ ఆట ముగిసేదాకా కట్టేయండి.

పోటీ అయ్యాక

సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా రైల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చునే సమయం దొరుకుతుంది. ఎవరు ఏ పత్తా తప్పు ఆడారన్న గొడవ కాసేపు పక్కన పెట్టి, ఎదుటివాళ్లు అడిగితే మీరు తడబడిన బిడ్‌లు ఏవో గుర్తు చేసుకోండి. ఎక్కడ "మాట్లాడుకోలేదు" అన్నారో, ఎక్కడ ఇద్దరి జవాబులూ వేరయ్యాయో రాసుకోండి. ఒక్కోదానికి అర్థం తేల్చుకుని రెండు కార్డుల్లోనూ దిద్దండి, పైన ఆ రోజు తేదీ వేయండి. పాత కార్డులు చింపేయండి. లేకపోతే వచ్చే పోటీలో ఒకరి చేతిలో పాతది, ఇంకొకరి చేతిలో కొత్తది ఉంటుంది.